గాజుపలకపై ముందు వ్రాసిన పేరు

హేమంతము కార్పాతియ పర్వతసానువుల నాక్రమించి దేవదారువనముల నెల్ల తుహినధవళములు గావించి ఇండ్ల పొగను సైతము గగనమున గడ్డకట్టించుచున్నదో యన దోచు నొక యపరాహ్ణమున పోలండు దేశపు దక్షిణసీమయందలి చిన్నపట్టణపు చిత్రశాలకు వృద్ధుడగు వాలెంటి స్కుపెన్ చేతికర్ర యూతగా వచ్చెను. ఆ పట్టణపు బడిలో యావజ్జీవము చిత్రలేఖనము నేర్పినవా డాతడే. నేడచ్చట నాతని శిష్యుడును రాజధానీవిఖ్యాతుడును నగు లుడోమిర్ చిత్రములు ప్రదర్శింపబడుచుండెను.

ఆ సీమవారు గాజుపలకకు వెనుకవైపున చిత్రము వ్రాసి ముందువైపున జూతురు. మొదట వ్రాసినదే పైకి గానవచ్చును. తుదకు వ్రాసినది రంగుల చాటున మరుగుపడును. కావున పేరు సైతము మొట్టమొదటనే కుడియెడమలు తారుమారుచేసి వ్రాయవలయును. స్కుపెన్ బడిపిల్లలచే ముందుగా బేర్లు వ్రాయించి వారి చేయి తడబడినంతనే కుంచె తానందుకొని చిత్రము నెల్ల తానే ముగించెడివాడు. ఔరా, ఎంత వెర్రి వాత్సల్యము! చేతులు కాలిన వెనుక ఆకులు పట్టుకొన్న నేమి ఫలము?

గోడమీది యొక పలకలో గొర్రెపిల్ల నెత్తుకొని మంచులో నిలిచిన స్త్రీ యొకతె యుండెను. ఆమె స్కుపెన్ భార్య అపోలోనియా. ఆమె గతించిన యేట లుడోమిర్ పేరు మాత్రము వ్రాసి విడిచిన పలకమీద దుఃఖితుడగు స్కుపెన్ ఆమె మొగమును నిలిపెను. లోకమున ఆమెకు వేరు పటము లేదు. తన పేరు పోయిన బోవుగాక, ఆమె పేరైన దానిక్రింద నుండవలయునని యాతడు వచ్చెను. పటముచెంత నిలిచియున్న శిష్యుని సమీపించి యిట్లనెను:

"నాయనా లుడోమిరూ! చిత్రము నీదే యనుకొనుము. ఈమె యపోలోనియా యని మాత్రము వ్రాయింపుము. నీకు పాలు గాచి యిచ్చిన తల్లి గదా!"

లుడోమిర్ గురువు చేతులు రెండును బట్టుకొని దయతో నవ్వెను. "గురువుగారూ! తమరు పెద్దలైరి, జ్ఞాపకము తప్పుచున్నది. ఈమె నా యూహలోని పడుచు. చిన్ననాడు నేనే వ్రాసితిని."

అది బొంకువాని మొగము కాదు. వాడు నిజముగనే యట్లు నమ్మియుండెను. గురువు దిద్దిన తప్పు లన్నియు శిష్యునకు దన యొప్పులుగనే తోచును గదా! ఆ సంగతి తెలిసి వృద్ధుని గుండె పగిలెను.

జనులు లుడోమిర్ వెంట మరియొక చిత్రమువైపు కదలిరి. స్కుపెన్ ఒంటిగా నిలిచి పటములోని యామె చెక్కిలి నంటబోయెను.

"ఓ తాతా, ముట్టరాదు సుమా!" అని కావలివాడు కేక వేసెను. "అది లుడోమిర్ గారి చిత్రము."

వృద్ధుడు చేయి వెనుకకు దీసికొనెను.