అక్షరం పొల్లుపోని రెండు జవాబులు

పెద్దాడు సెలవు మీద వచ్చి పన్నెండు రోజులైంది. అతని పెట్టె మాత్రం అటకెక్కింది. ఆ సంగతే తల్లికి మింగుడు పడటం లేదు.

పదకొండేళ్లుగా సైన్యంలో ఉన్న మనిషి. ఎప్పుడొచ్చినా పెట్టె మంచం కిందే ఉండేది, బూట్ల ముక్కులు గుమ్మంవైపు చూస్తుండేవి. పిలుపొస్తే లేచి పోవడమే. ఆ ముక్కులు చూసినప్పుడల్లా ఆమె గుండె జారిపోయేది. ఈసారి అవి గోడవైపు తిరిగి ఉన్నాయి. కొత్త పెట్టె ఇంకెక్కడో సర్దించాడని, చెప్పకుండా ఏదో దూరదేశానికి పోతున్నాడని ఆమెకు గట్టి అనుమానం. పైగా చిన్నాడు, ఊళ్లోనే పోలీసు ఉద్యోగం చేసే తమ్ముడు, అన్న కుడిపక్క వదలడం లేదు. కూర్చున్నా అక్కడే, నడిచినా అక్కడే.

పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ వసారాలో బూట్లకు పాలిష్ పడుతున్నారు. ఆమె తలుపు వెనక పీటేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చెవి అటు వేసింది.

"ఆర్డరొస్తే ఎందుకని అడక్కూడదు. మాకు ముందు నేర్పేది అదేరా."

"మాకు నేర్పేదే ఎందుకని అడగడం."

"అందుకే దొంగ పోయాక చేరతారు."

"నీకేం అన్నయ్యా, నీ తుపాకీకి అవతల శత్రువు. నా లాఠీకి అవతల పక్కింటి బావగారు. రేపు మళ్లీ ఆయన మొహమే చూడాలి."

పెద్దాడు నవ్వాడు. "పరుగులూ గుంజీలూ తిట్లూ మాత్రం ఇద్దరికీ సమానమే."

"ఇంకోటి కూడా. తోటివాణ్ణి వదిలేసి రాకూడదు."

పెద్దాడి చేతిలో బ్రష్షు ఆగింది. తల్లి చేతిలో చిక్కుడుకాయ కూడా ఆగింది.

ఇక ఆమె ఊరుకోలేదు. పెరట్లో బట్టలారేస్తున్న పెద్దాడికి ఎదురుగా వెళ్లి నిలబడింది.

"ఎన్నాళ్లురా సెలవు?"

"రెండు నెలలమ్మా. మా పై ఆఫీసరు మంచోడు, అడగ్గానే ఇచ్చాడు."

కాసేపాగి, బెల్టు బిగించుకుంటున్న చిన్నాణ్ణి గదిలో పట్టుకుంది.

"అన్నయ్య సెలవెంతరా?"

"రెండు నెలలమ్మా. వాళ్ల పై ఆఫీసరు మంచోడు, అడగ్గానే ఇచ్చాడు."

ఆమె తలుపు గడియ పెట్టింది.

"ఒరేయ్, ఇద్దరు సాక్షుల మాట అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే, కూర్చుని వల్లించుకున్నట్టే లెక్కని నాకు చెప్పిందెవరు?"

చిన్నాడు బెల్టు వైపు చూశాడు.

"పదకొండేళ్లలో మీ అన్న ఒక్క ఆఫీసర్నీ మంచోడనలేదు. ఎక్కడికి పంపుతున్నారు వాణ్ణి?"

"ఎక్కడికీ పంపడం లేదే అమ్మా! ఇంటికే పంపేశారు."

ఫిరంగి సాధనలో పెద్దాడికి ఎడమ చెవి వినపడకుండా పోయింది. మెడికల్ బోర్డు పనికిరాడని రాసేసింది. అంతే. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో, కిటికీ అవతల తడిచొక్కా పట్టుకుని పెద్దాడు ఉన్నాడు. తమ్ముడి మొహం చూడగానే సంగతి బయటపడిందని గ్రహించాడు.

ఆమె గడియ తీసి గబగబా పెరట్లోకి వచ్చింది.

"తోటివాణ్ణి వదిలేసి రాకూడదని ఇద్దరికీ నేర్పారటగా. మరి నన్నొక్కదాన్నీ ఎందుకు వదిలేశార్రా? ఏడుస్తాననా?"

"కాదమ్మా." అతను చొక్కాని మళ్లీ పిండాడు, నీళ్లు లేకపోయినా. "సంతోషిస్తావని."

పెద్దాడు చూపు తీగమీదికి తిప్పుకున్నాడు.

"రైలెక్కించిన ప్రతిసారీ నీ మొహం చూశాను. ఇక పోనని తెలిస్తే అది ఎలా వెలిగిపోతుందో తెలుసు. నా పని పోయిన రోజునే దాన్ని చూడలేననిపించింది."

చొక్కా లాక్కుని, దులిపి, తీగమీద వేసి, అంచులు సరిచేస్తూ ఆమె చాలాసేపు దాని వెనకే నిలబడిపోయింది. వీడు ఇక పోడు. ఇక పోడు. వద్దనుకున్నకొద్దీ ఆ మాటే లోపల గంతులేస్తోంది. చెవి పోయిన కొడుకు అవతల నిలబడి ఉంటే, సిగ్గులేకుండా.

చిన్నాడు గుమ్మంలోంచి పోలీసు చూపుతో ఆమెనే గమనిస్తున్నాడు.

"ఏంట్రా ఆ చూపు? డ్యూటీకి పో," అని కసిరింది. కొంగుతో మొహమంతా గట్టిగా తుడుచుకుంది. అందులో ఆ వెలుగేం మిగల్లేదని నమ్మకం కుదిరాకే చొక్కా పక్కకు జరిపి, పెద్దాడి కుడివైపుకు వెళ్లింది.