ఎర్ర రిబ్బను

విజయరాణికి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి! పంజగుట్ట బ్లౌజుల షాపులో కత్తెర పట్టి పట్టి తనకు తల నెరిసిపోయింది. నిన్న గాక మొన్న అమీర్‌పేట హాస్టల్ నుంచి ఊడిపడ్డ భావనకేమో పొద్దుటి మీటింగులో చప్పట్లు!

ఓనరు చలపతిరావు గారికి కొత్త పిచ్చి పట్టింది. చిన్న చిన్న మార్పులతో రోజురోజుకీ పని బాగుపడాలట. తప్పు జరిగితే ఎవరు చేశారని అడగకూడదట, ఎందుకు జరిగిందనే అడగాలట. భావన చెప్పిన మార్పల్లా, ఇవాళ కుట్టి ఇవ్వాల్సిన బట్టల మూటకి ఎర్ర రిబ్బను, రేపటిదానికి పచ్చది. అంతే, ఆలస్యాలు తగ్గాయి. శ్రీనగర్ కాలనీలో తెరవబోయే బ్రాంచికి ఆమే ఇన్‌ఛార్జి అని గుసగుసలు. ఆ కుర్చీ మీద విజయరాణి ఎన్నాళ్ళుగానో కన్నేసి ఉంది.

"రిబ్బన్లు కట్టుడు సుత ఒక తెలివేనా? గింత దానికి గంత సంబురమా?" అంది, పక్క మిషను మీద కుడుతున్న అనితతో.

"మరి నువ్వెందుకు చెప్పలే అక్కా?" అంది అనిత.

ఆ మాట విజయరాణికి ముల్లులా దిగింది. మధ్యాహ్నం అందరూ అన్నానికి లేవగానే, ఓ పెళ్ళికూతురి మూటకున్న ఎర్ర రిబ్బను విప్పి పచ్చది కట్టేసింది.

సాయంత్రం పెళ్ళివాళ్ళు వచ్చి షాపు పీకి పందిరేశారు. బ్లౌజుకి ఇంకా చేతులే అతకలేదు! అందరూ కూర్చుని కుట్టి పంపేసరికి తలప్రాణం తోకకొచ్చింది. భావన ముఖం పాలిపోయింది. విజయరాణికి కడుపు చల్లబడింది.

మర్నాడు మీటింగు.

"ఎందుకు ఆలస్యమైంది?" అన్నారు చలపతిరావు గారు.

"రిబ్బను మారిపోయిందండీ," అంది భావన.

"ఎందుకు మారింది?"

విజయరాణి తలెత్తకుండా కత్తెర అందుకుంది.

"ముడి కదండీ, ఎవరి చేతికైనా ఊడుతుంది. లోపం నా పద్ధతిదే. ఇకమీదట రిబ్బను మూటకే కుట్టేద్దాం," అంది భావన.

"శభాష్! తన లోపం తనే దిద్దుకునే మనిషే నాకు కావాలి. కొత్త బ్రాంచి నువ్వే చూసుకో అమ్మా."

మళ్ళీ చప్పట్లు. భావన ఎర్ర రిబ్బను తెచ్చి విజయరాణి ముందు పెట్టింది.

"మీ కుట్టయితే ఊడదు విజయ గారూ. మొదటిది మీరే వెయ్యరా?"

ఆ ముఖంలో అనుమానం మచ్చుకైనా లేదు. విజయరాణికి అదే భరించరానిదైంది. ఎవరు చేశారని ఒక్కరు అడిగినా చాలు, నేనే అని అరిచైనా ఆ చప్పట్లు ఆపేసేది.

ఎవరూ అడగలేదు. ఆమె సూదిలో దారం ఎక్కించింది.