ముందు చక్రాలు తుడవాలట

మా ఆయన దేన్నైనా మరచిపోగలడు, తన పదవిని తప్ప. ఆసుపత్రిలో ఆయాల మీద సూపర్‌వైజరు. అన్నం క్యారేజీ మాత్రం రోజూ గుమ్మంలోనే వదిలేస్తాడు. దాన్ని మోసుకెళ్లే మరమనిషిని ఏనాడో కట్టుకున్నాడు కదా!

ఆ రోజూ అలాగే మోసుకెళ్లాను. మగవాళ్ల వార్డులో కొత్త రోబో మందుల ట్రేలతో తిరుగుతోంది. ఇంతలో ఒక ముసలాయన భళ్లున వాంతి చేసుకున్నాడు. గడ్డం, ఛాతీ, పక్క, నేల, అంతా కంపు. రోబోకి ముక్కూ లేదు, సిగ్గూ లేదు. ఆ తడిలోంచే వెళ్లి, నేల పొడవునా పచ్చటి చారలు గీసి ఆగింది.

"ముందు చక్రాలు తుడువు!" మా ఆయన అరిచాడు. "అది పాడైతే ఎవరు జవాబు చెప్తారు?"

అందరూ పెద్దక్క అని పిలిచే ఆయా తలెత్తలేదు. ముసలాయన గడ్డం తుడుస్తోంది.

"మనిషి వాంతిలో పడుంటే చక్రాలంటారేంటి సారూ? అంత ముద్దొస్తే మీరే తుడుచుకోండి."

సాయంత్రానికి పెద్దక్క ఉద్యోగం పోయింది. యంత్రాన్ని కావాలనే పాడుచేసిందని పెద్ద డాక్టరుకి చెప్పినవాడు నా మొగుడే. ఆ రాత్రి అన్నం గిన్నె ఆయన ముందు పెట్టి, వడ్డించుకోమన్నాను.

మర్నాడు ఆయాలు, వార్డుబాయ్‌లు, నర్సులు మెట్ల దగ్గర గుమిగూడారు. నేనూ వెళ్లాను.

"పగలగొట్టేద్దాం దాన్ని!" అన్నాడో వార్డుబాయ్.

"నోర్ముయ్‌రా! ట్రేలు మోసీ మోసీ నా నడుం పడిపోయింది," అంది ముసలి నర్సు. "అది మోస్తే మొయ్యనీ. దానికి ఊడిగం మాత్రం చెయ్యం."

"మరి అది ఆగిపోతే మందుల సంగతి?"

"మనమే ఇద్దాం. రోగులు మనవాళ్లు. చక్రాలు మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు."

గమనించండి, ఎవరూ దానిమీద చెయ్యి చేసుకోలేదు. తుడవలేదు, అంతే. మధ్యాహ్నానికి అది చక్రాలకు చీముపట్టిన కట్టుగుడ్డ చుట్టుకుని, "దయచేసి శుభ్రం చేయండి" అని తియ్యగా పలుకుతూ నడవాలో నిలిచిపోయింది. ఈగలకు బాగా నచ్చింది. మందులు మాత్రం ప్రతి మంచానికీ అందాయి.

పెద్ద డాక్టరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"తుడవకపోతే అందర్నీ పంపించేస్తా!"

"పంపించండి! పెద్దక్క లేకుండా మేమూ లేం!" నడవా అంతా ఒక్క గొంతైంది.

పెద్ద డాక్టరు మా ఆయన వైపు తిరిగాడు. "ఏమయ్యా, నువ్వు తుడువు."

మా ఆయన గుడ్డ పట్టుకుని వంగాడు. కంపుకి మొహం తిప్పుకున్నాడు. తిప్పినవైపు ఆయాలున్నారు, నేనున్నాను. ఎవరం నవ్వలేదు. లేచి, గుడ్డని పెద్ద డాక్టరు బూట్ల పక్కన పడేశాడు.

"నేను అబద్ధం చెప్పానండీ," అన్నాడు, నడవా చివరిదాకా వినపడేలా. "పెద్దక్క దేన్నీ పాడుచెయ్యలేదు. ముందు మనిషిని తుడిచింది. తప్పు నాది."