నాతో ఎలా పనిచేయాలంటే

అయినా ఈ కాగితం మీద గడులు మూడే ఎందుకో, మొదటిది నేను పనిచేసే తీరు, రెండోది నాతో ఎలా మాట్లాడాలి, మూడోది నాకు చిరాకు తెప్పించేవి, తలా రెండు నిమిషాలు చెప్పాలట, పెళ్ళిచూపుల్లో కూడా ఇంత ఆరా తీయరు, అనుకుంటూ ఉదయ్ కుమార్ పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు, నెత్తిమీద ఏసీ గుర్రుమంటున్నా వీపుకి చొక్కా అంటుకుపోతోంది, అద్దం అవతల హైవే మీద పత్తి లారీ ఒకటి పొట్ట పగిలేలా లోడు వేసుకుని చిలకలూరిపేట వైపు ఊగుతూ పోతోంది, ఈ కొత్త మిల్లులో ప్రొడక్షన్ మేనేజరుగా అతనికిది మొదటి రోజు, బల్ల చుట్టూ ఎనిమిది మంది, చివర్న హెచ్చార్ గీతాంజలి గారు, ఫోనులో టైమరు పెట్టుకుని, భయమేం లేదండీ మనసులో ఉన్నది చెప్పేయండి అంటోంది, మనసులో ఉన్నది చెప్పేస్తే ఈవిడ ఆ నవ్వు ఎక్కడ దాచుకుంటుందో, అసలు ఇలాంటివాటికి అతనెప్పుడూ భయపడలేదు, ఈ ఉద్యోగం వచ్చిందే నోటి వల్ల, నేను ఏదైనా ఒక్కసారే చెప్తానండీ, చెప్పింది చెప్పినట్టు జరగాలి, అని ఇంటర్వ్యూలో అనగానే ఓనరు గారు కుర్చీలో ముందుకు జరిగి మాకు కావాల్సింది మీలాంటి మనిషేనండీ అన్నాడు, పాత మిల్లులో ఏదో ప్రమాదం జరిగిందటగా అని కూడా అడిగాడు, అవునండీ, పేరమ్మ అని ఒకావిడ చెయ్యి పోయింది, ఆవిడ నిర్లక్ష్యమేనని విచారణలో తేలింది, అంటే అయ్యో అన్నాడు, టీ తెప్పించాడు.

కరెంటు పని చూసే చైతన్యకృష్ణ లేచి, నాకు ఫోన్ చేయొద్దండీ, మెసేజ్ పెట్టండి చాలు, తిండి వేళ అసలు కదిలించొద్దు, అంటే అందరూ నవ్వారు, ఉదయ్ కూడా నవ్వాడు, నవ్వితే దవడ నొప్పి పుట్టింది, మెసేజ్, అదే మాట తనూ అన్నాడు, పోయిన పత్తి సీజన్లో పాత మిల్లులో చేరిన రోజు, ఏసీ గది కాదది, జిన్నింగ్ షెడ్డు, గాలి నిండా దూది పొగ, పత్తిలోంచి గింజ వేరు చేసే మిషన్లు పదీ ఒక వరసలో, వాటి మోతకి పక్కమనిషి మాట వినపడదు, అందుకే అన్నీ ఆపించి ముప్పై మందినీ నిలబెట్టి చెప్పాడు, ముందురోజు రాత్రి ఇంట్లో అద్దం ముందు రెండుసార్లు చెప్పుకుని మరీ వచ్చాడు, భార్య సాయిలక్ష్మి టీచరు, విని, బాగానే ఉంది గానీ మీరు చెప్పడమే ఉంది, వాళ్ళని అడగడం ఎక్కడా లేదే అంది, నీ ఐదో తరగతి పిల్లలనుకున్నావా అని నవ్వేశాడు, అక్కడ షెడ్డులో మాత్రం అందరూ చేతులు కట్టుకుని విన్నారు, నేను ఒక్కసారే చెప్తాను, ఏదున్నా వాట్సాప్ గ్రూపులో రాసి పెట్టండి, వాయిస్ మెసేజీలు పెట్టొద్దు, ఆఫీసు గుమ్మం దగ్గరకొచ్చి నిలబడొద్దు, నాకు కారణాలు వద్దు, పని కావాలి, అని, అంటూనే అతని చూపు స్విచ్ బోర్డు మీద పడింది, పది హ్యాండిళ్ళలో మూడింటి మీద మాసిన తలగుడ్డలు వేలాడుతున్నాయి, ఆడవాళ్ళు దూది జుట్టులో పడకుండా కట్టుకునేవి, ఇదేమన్నా బట్టలారేసుకునే దండెమా, రేపట్నుంచి ఈ బోర్డు మీద ఒక్క పీలిక కనపడినా ఊరుకోను అన్నాడు, స్విచ్చుల దగ్గర ఉండే మాబు, అరవై ఏళ్ళ మనిషి, అది కాదు సార్ అని నోరు తెరిచాడు, ఉదయ్ చెయ్యెత్తాడు, ఇప్పుడే కదా కారణాలు వద్దన్నాను, మాబు నోరు మూసుకున్నాడు, ముప్పై మందీ తలలూపారు, అరగంటలో బోర్డు శుభ్రంగా తళతళలాడింది, ఆ ఫోటో తీసి ఓనరుకి పంపించుకున్నాడు కూడా, ఎంత సంబరమో, ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

తర్వాత స్టోర్సు చూసే గురునాథం గారు లేచారు, నాకు అన్నీ రెండు కాపీలు కావాలి అంటున్నారు, వింటున్నట్టు తల ఊపుతున్నాడు గానీ ఉదయ్ చెవిలో వేరే మోత, పాత మిల్లులో చేరిన ఇరవయ్యో రోజు మధ్యాహ్నం, పత్తి తడిగా వచ్చింది, నాలుగో మిషన్ ఉండ చుట్టుకుని ఆగిపోయింది, అద్దాల ఆఫీసులోంచి చూస్తే తొమ్మిది తిరుగుతున్నాయి ఒకటి తిరగటం లేదు, అవతల ఓనరు ఫోన్లో పత్తి బేళ్ళు ఎన్నయ్యాయయ్యా అని ఒకటే పోరు, ఓనరుతో మాట్లాడుతూనే రెండో ఫోన్లో గ్రూపులో కొట్టాడు, నాలుగు ఎందుకు ఆగింది, వెంటనే ఆన్ చేయండి, అని, రెండు నిమిషాలకి నాలుగు తిరిగింది, తిరిగి, మోత మారింది, ఆ మోత ఎలా ఉంటుందో ఎవరికైనా చెప్పగలడా, చెప్పలేడు, అన్ని మిషన్లూ ఒక్కసారిగా ఆగాయి, ఆగిన తర్వాత వినిపించింది పేరమ్మ గొంతు, అరుపు కాదు, అమ్మో అమ్మో అని సన్నగా, పక్కింటివాళ్ళకి వినపడకూడదన్నట్టు, తెల్ల దూది మీద ఎరుపు, కుడిచెయ్యి మోచేతి పైదాకా లేదు, తల మీద గుడ్డ మాత్రం నీటుగా కట్టి ఉంది.

గుంటూరు ఆస్పత్రిలో నాలుగో రోజు చూడటానికి వెళ్ళాడు, బత్తాయిలు తీసుకుని, మంచం పక్కన కూర్చుంటే, రోగిని చూడటానికి వచ్చేవాళ్ళందరూ అనే మాటలే అతనికీ వచ్చాయి, ఎలా ఉంది, తింటున్నావా, పేరమ్మ లేవబోయింది, దణ్ణం పెట్టబోయి రెండో చెయ్యి లేదని గుర్తొచ్చి ఉన్న ఎడమచెయ్యి నుదుటికి తాకించుకుంది, ఆ దణ్ణం అతని కడుపులో దిగబడింది, ఇప్పటికీ అక్కడే ఉంది, గుడ్డ ఏసేదాన్నే సార్, అంది, ఏ గుడ్డ, అన్నాడు, అదేనయ్యా తలగుడ్డ, మిసన్లో చెయ్యి పెట్టేప్పుడు ఇప్పి స్విచ్చి మీద ఏస్తాం గదా, లోపల మనిషుందని మాబన్నకి గుర్తు, దూది కుప్పలడ్డం, ఆడినుంచి మేం కనపడం, పిలిస్తే ఇనపడదు, మా అత్త నాటి కాణ్ణుంచీ అంతే, గుడ్డున్న స్విచ్చి మీద దేవుడు కూడా చెయ్యెయ్యడు, మీరు ఏలాడదీయొద్దన్నారని ఆ రోజు కట్టుకునే పోయా, అంది, నిష్ఠూరం లేదు, ఎత్తిపొడుపు లేదు, కూర మాడిపోయిందని చెప్పినట్టు చెప్పింది, నాలుగు తిట్లు తిడితే బాగుండేది, ఈ జిల్లా ఆడవాళ్ళు తిడితే చెవుల తుప్పు వదిలిపోతుంది, ఒక్క తిట్టూ తిట్టలేదు, పైగా, బత్తాయి ఒలిచి పెట్టమంటారా సార్ ఎవరినైనా పిలిచి, తినండి, ఎండనపడి వచ్చారు, అంది.

విచారణ కాగితం మాత్రం అతని చేతిరాతే, గుండ్రంగా, ముత్యాల్లా ఉంటుంది అతని చేతిరాత, కార్మికురాలు ముందస్తు సూచన ఇవ్వకుండా మిషనులో చెయ్యి పెట్టినందున, నిర్లక్ష్యం వల్ల, అని, ఓనరు పక్కనే నిలబడి చెప్పాడు, కాదు, ఓనరు చెప్పింది సగమే, నిర్లక్ష్యం అన్న మాట వెతికి పెట్టింది తనే, ముందస్తు సూచన అంటే ఏమిటో అప్పటికి తనకి తెలుసు, ఆస్పత్రి నుంచి వచ్చి మూడు రోజులైంది, తెలిసే రాశాడు, గుడ్డ సంగతి రాయలేదు, ఆ మాట వల్ల ఆవిడకి రావాల్సిన పరిహారమేదీ రాలేదని తర్వాత విన్నాడు, విని, ఉద్యోగం మారాలనుకున్నాడు, మారాడు, మనిషి ఎంత తేలిగ్గా మారిపోతాడో, చొక్కా మార్చుకున్నంత తేలిగ్గా, ఇంకో మాట కూడా రాయలేదు, దాన్ని ఇన్నాళ్ళూ తనకి తను కూడా సరిగ్గా చెప్పుకోలేదు, మెసేజ్ పెట్టాక ఆ రెండు నిమిషాల్లో మాబు వచ్చాడు, ఆఫీసు గుమ్మం దగ్గరికి, రావొద్దన్న చోటికి, వచ్చి నిలబడ్డాడు, సెలవు అడగటానికి వచ్చాడేమో అనుకున్నాను అని సాయిలక్ష్మితో అన్నాడు, అబద్ధం, ఏమీ అనుకోలేదు, ఓనరుతో మాట్లాడుతూ మాబు ముఖం వైపు చూడకుండానే వేలితో ఫోను చూపించాడు, గ్రూపులో పెట్టు, అని, మాబుకి రాయటం రాదు, చదవటం వరకే వచ్చు, వాయిసు పెట్టొద్దన్నది తనే, మాబు ఒక్క క్షణం ఆగి, సరే సార్ అన్నట్టు తల ఊపి, వెనక్కి వెళ్ళి, అలవాటు కొద్దీ బోర్డు మీద గుడ్డ కోసం చూసి, ఏదీ లేకపోయేసరికి, నాలుగో హ్యాండిల్ పైకెత్తాడు.

చప్పట్లు, గురునాథం గారు కూర్చున్నారు, ఇప్పుడు మన సుబ్బరావమ్మ గారు చెప్తారు అంది గీతాంజలి, ఆడకూలీల మేస్త్రి, కుర్చీ అంచున కూర్చుని ఉంది, ఇంత మంచి కుర్చీ తనది కాదన్నట్టు, లేచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, నేనేం చెబుతానమ్మా, మాకంటూ పద్ధతులేముంటయి, సార్లు ఎట్టా చెబితే అట్టా చేస్తాం, అంది, గీతాంజలి అబ్బ ఎంత బాగా చెప్పారండీ అని గట్టిగా చప్పట్లు కొట్టింది, అందరూ కొట్టారు, ఉదయ్ చేతులు లేవలేదు, పద్ధతులు లేకేం, ఈ షెడ్డులో కూడా ఏదో ఒకటి ఉండే ఉంటుంది, గుడ్డ కాకపోతే చెప్పుల జత, చెప్పుల జత కాకపోతే ఈల, చదువుకున్న ఏ సారుకీ తెలియనిది, ఆమె చెప్పదు, తను వద్దంటే మానేస్తుంది, ఉదయ్ గారూ మీరే ఇక, అంది గీతాంజలి, టైమరు నొక్కింది, లేచాడు, నోటి దాకా పాత మాటలే వచ్చాయి, నేను ఒక్కసారే, ఎనిమిది ముఖాలూ తల ఊపటానికి సిద్ధంగా ఉన్నాయి, సుబ్బరావమ్మైతే అప్పుడే ఊపుతోంది, ఏం చెప్పబోతున్నాడో వినకుండానే, చెబితే ఈ ఉద్యోగం ఈ పూటతో సరి, ఇంటి దగ్గర సాయిలక్ష్మి రాత్రి భోజనానికి ఎదురు చూస్తుంటుంది మొదటి రోజు ఎలా జరిగిందని, చెప్పకపోతే, చెప్పకపోతే ఏం కాదు, అదే అసలు భయం, ఏమీ కాదు, హాయిగా జీతం వస్తుంది, పేరమ్మ నిర్లక్ష్యపు మనిషిగానే ఉండిపోతుంది ఆ గుండ్రటి అక్షరాల్లో, ఆవిడదా నిర్లక్ష్యం, తరతరాలుగా వస్తున్న అలవాటుని, ప్రాణానికి అడ్డం పెట్టుకున్న గుడ్డని, నిన్నగాక మొన్నొచ్చినవాడు వద్దన్నాడని తల మీదే ఉంచుకుని మిషన్లో చెయ్యి పెట్టిన మనిషిది నిర్లక్ష్యమా, ఆ షెడ్డులో తన మాటని అంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఇంకెవరూ లేరు, అతను ఎక్కడికి వెళ్ళినా పోగుచేసుకున్నది ఈ వినటమే, మంచి మేనేజరనిపించుకున్నదీ దీనితోనే, దాని ఖరీదే పేరమ్మ కుడిచెయ్యి, నా పేరు ఉదయ్ కుమార్ అండీ, అన్నాడు, నేను చెప్పింది చెప్పినట్టు చేయిస్తాను, పాత మిల్లులో పేరమ్మ అని ఒకావిడ అలాగే చేసింది, చేసినందుకు ఆవిడ చెయ్యి పోయింది, తప్పు ఆవిడదని రాసి సంతకం పెట్టింది నేనే, అది అబద్ధం.