రత్నం కొప్పులోని కుంచె

నేను ఒక కుంచెను. కుంచె అనగానే గోడలకు సున్నం కొట్టే పెద్ద కుంచె మీ కళ్ళముందు మెదిలితే ఆ తప్పు మీది కాదు, మాలో పేరున్నది దానికే. నేను సున్నా నంబరు దాన్ని. బియ్యపు గింజ మీద కన్ను దిద్దగలిగేంత సన్నం నా మొన. ఏ జంతువు తోకలోంచి నా వెంట్రుకలు వచ్చాయో నాకు తెలియదు, తెలిసినవాళ్ళు చెప్పలేదు. వాటిని వేళ్ళ మధ్య తట్టి, దారంతో బిగించి, రేకు గొట్టంలో జిగురుతో దించిన ముసలావిడ మాత్రం గుర్తుంది. పని పూర్తయ్యాక నన్ను పెదవులతో తడిపి, మొన చూసి, "ఇది పనికొస్తుంది" అంది. మనుషులు తమ పిల్లల గురించి ఆ మాట అనడానికి ఇరవై ఏళ్ళు ఆలోచిస్తారని నాకు తర్వాత తెలిసింది.

మొదట నన్ను కొన్నది విజయనగరం గంటస్తంభం దగ్గర బోర్డులు రాసే అప్పన్న. పెద్ద అక్షరాలకు పెద్ద కుంచెలుండేవి. అక్షరం పక్కన నీడగీత, డాక్టరుగారి పేరు కింద డిగ్రీలు, లారీ తలుపు మీద నెమలి కన్ను నావి. తర్వాత ఊరంతా ఫ్లెక్సీలు వచ్చాయి. అప్పన్న కొట్టు తీసేసిన రోజున నన్ను కిరసనాయిల్లో కడిగి, తుడిచి, మేనకోడలి చేతిలో పెట్టాడు.

"ఒలే రత్నం, నాకింక దీంతో పనిలేదే. నువ్వుంచుకో. నీ సెయ్యి కుదురైంది" అన్నాడు.

రత్నం తల ఊపింది. అసలు పేరు పైడిరత్నం. ఆ పేరే ఆమెకు పెద్ద గండం. 'పై' దగ్గర గొంతు పట్టేసేది. చిన్నప్పటినుంచీ నత్తి. ముప్పై నాలుగేళ్ళు వచ్చినా, పేరు అడిగితే సగం పేరే చెప్పి ఊరుకునేది. రక్తపరీక్షలు చేసే ఒక లేబులో పని. సూది గుచ్చేటప్పుడు ఎవరూ కబుర్లు ఆశించరు కనుక ఆ ఉద్యోగం ఆమెకు నచ్చింది.

ఆదివారాలు సోమయాజులు మాస్టారింటికి వెళ్ళేది. ఆయన రిటైరైన చరిత్ర లెక్చరరు. వరండాలో రెండు బల్లలు కలిపి, వాటి మీద రంపపు పొట్టుతో నేలలూ గుట్టలూ చేసి, బొటనవేలంత సీసపు సిపాయిలతో పాత యుద్ధాలు మళ్ళీ ఆడేవారు. టేపుతో కొలిచి దండును జరపాలి. తుపాకీ గుండు తగిలిందీ లేనిదీ పాచికలు చెప్తాయి. ఆడేది నలుగురే గాని, తగువులు నలభైమందివి. ఫలానా పటాలం చొక్కా చేతులకు పసుపు అంచు ఉందా లేదా అన్న విషయం మీద ఇద్దరు పెద్దమనుషులు నెల్లాళ్ళు పలకరించుకోకపోవడం నేను చూశాను.

ఆ సిపాయిలందరికీ రంగులు వేసేది రత్నం. అంటే నేను. వేసేంతసేపూ ఆమెను ఎవరూ ఏమీ అడగరు. అడిగినా, ఆమె మొదటి అక్షరం దగ్గర ఆగగానే మాస్టారే జాలిపడి మిగతా వాక్యం పూర్తి చేసేవారు. ఒక్కోసారి ఆమె అనబోయింది అది కాదు. అయినా రత్నం తల ఊపేది. రంగు వేయడం అయిపోగానే నన్ను కడిగి కొప్పులో గుచ్చుకునేది. అలా ఆమె ఎక్కడికి వెళ్తే నేనూ అక్కడికి వెళ్ళేదాన్ని.

ఒకరోజు లేబుకు దిల్షాద్ అనే ఆవిడ షుగరు పరీక్షకు వచ్చింది. భీమిలిలో టైలరింగు షాపు ఆవిడది. రత్నం గోళ్ళ కింద ఎరుపు చూసి అదిరిపడింది.

"ఏటమ్మా, ఎవులి రక్తమది?"

"కా... కా... కాదండి. రం... రంగు. సి... సిపాయిల చొక్కా."

దిల్షాద్ తొందరపెట్టలేదు. విషయమంతా విని, "అయితే నువ్వు మా తోటకి రావాలే" అంది.

వాళ్ళ ఆట వేరు. పదిహేను ఇరవైమంది ఒక జీడితోటలో కలిసేవారు. దిల్షాద్ కుట్టిన పాతకాలపు బట్టలు కట్టుకుని, స్పాంజి చుట్టిన కత్తులు పట్టుకుని, పొద్దున్నించి సాయంత్రందాకా ఇంకొకరుగా బతికేవారు. మాటలు ఎవరూ రాసివ్వరు. దొర దొరలాగే మాట్లాడాలి, దొంగ దొంగలాగే తప్పించుకోవాలి. చూసేవాళ్ళుండరు, ఆడేవాళ్ళే అందరూ. మొదటిరోజు రత్నానికి, దండు వెంట నడిచే సిపాయి పెళ్ళాం వేషం ఇచ్చారు. పేరు నీలమ్మ. ధాన్యం దోచుకోవడానికి వచ్చిన జమేదారును ఆపడం ఆమె పని.

నేను కొప్పులోంచి విన్నాను. "ఏటయ్యా జమేదారూ, నీ గుర్రానికున్న ఆకలి నా బిడ్డకు నేదనుకున్నావేటి? ముందు నన్ను దాటి, అప్పుడు గాదె ముట్టు!"

ఒక్క అక్షరం తొట్రుపడలేదు. జమేదారు నిజంగానే రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంకొకరి నోటితో మాట్లాడితే తన నోరు పట్టెయ్యదని రత్నానికి ఆరోజు తెలిసింది. బస్సులో ఇంటికి వస్తూ కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

అప్పటినుంచి గొడవ మొదలైంది. ఆదివారం ఒక్కటే, ఆటలు రెండు. బల్ల దగ్గర డెబ్భైమంది సిపాయిలు రంగు లేకుండా మిగిలిపోయారు.

"పగటివేషాల వాళ్ళతో నీకేమిటమ్మా? అక్కడ చరిత్ర ఎక్కడుంది?" అన్నారు మాస్టారు.

"ఆ సీసం బొమ్మలు నిన్నెప్పుడైనా పేరెట్టి పిలిసాయేటే?" అంది దిల్షాద్.

రెండూ కావాలని చెప్తే రెండువైపులా నవ్వారు. నాకు మాత్రం ఆ సంగతి ముందే తెలుసు. తోటకు వెళ్ళివచ్చాక ఆమె నాతో సిపాయిల కాళ్ళకు మోకాళ్ళదాకా ఎర్రమట్టి పూయించింది. అంతకుముందు వాళ్ళ బూట్లు తళతళలాడేవి. అలాగే, బల్ల మీద కొండ ఎక్కడో, ఫిరంగి ఎక్కడో పై నుంచి చూసిన కళ్ళతోనే నీలమ్మ తోటలో దారి వెతికేది. ఒకటి మానేస్తే రెండోది సగమైపోతుంది. నోటితో చెప్పబోతే ఎవరో ఒకరు పూర్తి చేసేస్తారని, ఒక కాగితం మీద రాసి మాస్టారి ముందు పెట్టింది: 'మొదటి, మూడవ ఆదివారాలు బల్ల దగ్గరకు. రెండవ, నాలుగవ ఆదివారాలు తోటకు. ఐదవ ఆదివారం వస్తే పడుకుంటాను.'

మాస్టారు రెండుసార్లు చదివారు. ఎర్రసిరా కలం తీసి 'ఐదవ'ను 'అయిదవ' అని దిద్ది, కింద సంతకం పెట్టారు. దిల్షాద్ ఆ కాగితాన్ని చూసి, "సరేలే, నీ పట్టు నీది" అంది. మిగిలిన డెబ్భైమందికీ రత్నం రోజూ డ్యూటీకి వెళ్ళేముందు ఒక్కొక్కరి చొప్పున రంగు వేసింది. ఒక్కరోజు మానలేదు.

ఆ జులైలో ఊరి పఠనమందిరంలో పద్మనాభం యుద్ధాన్ని బల్ల మీద పెట్టాలని మాస్టారు నిర్ణయించారు. 1794లో ఈస్టిండియా కుంపిణీ సైన్యానికీ విజయనగరం సైన్యానికీ జరిగిన యుద్ధం. బల్ల మొత్తం రత్నం చేసింది. జనానికి వివరించడానికి మాత్రం మాస్టారు బ్యాంకులో పనిచేసే చక్రధర్‌ను పెట్టారు.

"నే... నేను చె... చెప్తాను" అంది రత్నం.

"నీకెందుకమ్మా శ్రమ..."

"నే... నేనే."

మాస్టారు పట్టీలో చక్రధర్ పేరు కొట్టేశారు.

ఆరోజు ఆమె నీలమ్మ చీర కట్టి, తలకు గుడ్డ చుట్టుకుని వచ్చింది. హాలులో నూటయాభైమంది ఉంటారు. తన మగడు ఆ వరసలో ఎక్కడ నిలబడ్డాడో, తెల్లవారకముందే ఫిరంగులు ఎలా మోగాయో, నీళ్ళ కుండతో తాను ఎంత దూరం పరిగెత్తిందో గడగడా చెప్పింది. పసుపు అంచు మీద తగువులాడిన పెద్దమనుషులిద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. చప్పట్లు ఆగాక వెనక వరసలోంచి ఒక ముసలి రైతు లేచాడు.

"సానా బాగా సెప్పినావు తల్లీ. మాది ఆ పక్కూరే. ఇక్కడొక పాత గెడ్డ ఉండాల, మా తాత సెప్పీవోడు. నువ్వు ఎయ్యలేదేటి? గెడ్డ నేకపోతే దండు ఇటెందుకు తిరుగుద్ది?"

గెడ్డ అంటే అక్కడివాళ్ళకు వాగు. ఈ ప్రశ్న నీలమ్మది కాదు. నీలమ్మకు మ్యాపులు తెలియవు. నేలను కొలిచి, గుట్టలు కట్టినది పైడిరత్నం. ఆమె ఆ ముసలాయన వైపు చూసింది. తర్వాత తలగుడ్డ విప్పి బల్ల మీద పెట్టి, కొప్పులోంచి నన్ను లాగింది. ఆమె చేతిలో చెమట నా కర్రకు తగిలింది.

"నా... నా... నాకు దొ... దొరికిన మ్యా... మ్యాపులో గె..."

హాలులో ఎవరో నవ్వారు. మాస్టారు నోరు తెరిచారు. వాక్యం పూర్తి చేయడానికి ఆయన పెదవులు కదిలాయి కూడా. రత్నం ఆయన వైపు చెయ్యి ఎత్తి ఆపింది. ఆయన నోరు మూసుకున్నారు.

"...గె... గెడ్డ లేదు. మీ... మీరు చూ... చూపించండి."

ఆ మూడు ముక్కలకూ ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. జనం కాళ్ళు కదిపారు, దగ్గారు, తర్వాత నిశ్శబ్దంగా వినడం మొదలుపెట్టారు. రైతు బల్ల దగ్గరకు వచ్చి వేలితో ఒక వంపు గీశాడు.

"ఆధారం ఉండాలి కదమ్మా" అన్నారు మాస్టారు మెల్లగా.

"ఆ... ఆధారం ఈ... ఈయనే. కా... కాగితాలు త... తర్వాత చూ... చూద్దాం. త... తప్పైతే చె... చెరిపేస్తాను."

నీలిరంగు తెప్పించింది. రంపపు పొట్టు, జిగురు, ఇసుక గట్టిగా పట్టేసిన ఆ గరుకు నేల మీద, గుండీలు దిద్దే నాతో జానెడు గెడ్డ గీయించింది. నా వెంట్రుకలు సగం అక్కడే విరిగాయి. గీస్తున్నంతసేపూ ఆమె మాట్లాడుతూనే ఉంది, ఆగుతూ, పట్టుకుంటూ, మళ్ళీ మొదలుపెడుతూ. నీలమ్మ నీళ్ళ కుండతో పరిగెత్తినది ఈ గెడ్డకే అయి ఉండాలని ఆమె అంటే, రైతు "అదీ!" అన్నాడు. బోర్డుల మీద నెమలి కళ్ళు ఎన్నో వేశాను గాని, ఇంత పని నేను ఎన్నడూ చేయలేదు.

ఆ మరుసటి నెల మాస్టారు గొడుగు వేసుకుని జీడితోటకు వచ్చారు. ఆయనకు శవం వేషం ఇచ్చారు. గంటన్నర కదలకుండా పడుకుని, లేచి, "ఆ రోజుల్లో చొక్కాలకు ఇలాంటి కుట్లు లేవు" అన్నారు. దిల్షాద్ ఆయనతో పోట్లాడింది. తర్వాత కుట్లు మార్చింది.

నాకిప్పుడు మొన లేదు. సిపాయిల కోసం రత్నం కొత్త కుంచె కొనుక్కుంది, నాకు కోపం లేదు. నేను లేబులో ఆమె బల్ల మీద గ్లాసులో ఉంటాను, సీసాలకు చీటీలు అంటించడానికి జిగురు పూస్తాను. నిన్న పొద్దున ఒక రిపోర్టు సంగతి చెప్పడానికి ఆమె విశాఖపట్నం ఆసుపత్రికి ఫోను చేసింది. అలాంటి ఫోన్లు అంతకుముందు వేరేవాళ్ళు చేసేవారు.

"నే... నేను పై... పై... పై..."

అవతలివాళ్ళు లైను సరిగా లేదనుకుని పెట్టేశారు. రత్నం రిసీవరు వైపు ఒకసారి చూసింది. చీటీ మీది నంబరు చూసుకుని, మళ్ళీ కలిపింది.

"పై... పైడిరత్నాన్ని మాట్లాడుతున్నాను. పె... పెట్టెయ్యకండి. నా... నాకు చెప్పాల్సింది ఇం... ఇంకా ఉంది."