వీపు చూపని వాళ్లు

భయపడటంలో ఆ ఇంటి కోడలికి సాటి వచ్చేవాళ్లు ఆ వీధిలోనే లేరు. గ్యాస్ కట్టేశానో లేదోనని బేకరీకి వెళ్లే దారిలోంచి వెనక్కి పరిగెత్తుకొచ్చేది. వేళకాని వేళ ఫోన్ మోగితే ఎవరికో ఏదో అయిపోయిందని కూలబడేది. మొగుడు బస్సు డిపోలో మెకానిక్కు. పెళ్లాం భయాలను డిపోలో కథలుగా చెప్పి నలుగురినీ నవ్వించేవాడు. అత్తగారైతే ఏకంగా 'పిరికిపంద' అని పేరే పెట్టేసింది. అందుకే, ఆ ఆదివారం సాయంత్రం నిజంగా భయపడాల్సింది కంటపడినప్పుడు, ఆమె మాట వినే చెవి ఒక్కటీ దొరకలేదు.

వాళ్లు ఇంటిల్లిపాదీ ప్రాణం పెట్టే ఫుట్‌బాల్ క్లబ్బు కొత్త స్టేడియం కట్టబోతోంది. అభిమానులు ఏమంటారో తెలుసుకుందామని ఒక ఫంక్షన్ హాలు పై అంతస్తులో సమావేశం పెట్టారు. హాలు నడుమ బల్ల మీద స్టేడియం నమూనా ఉంది. అట్టతో, ప్లాస్టిక్కుతో చేసిన ముద్దులొలికే బొమ్మ. దాని చుట్టూ జనం ఒకటే కీచులాట. వానలో తడిసే బాధ తప్పిందని పైకప్పు చూసి కొందరు మురిసిపోయారు. అందరికీ కుర్చీలేస్తే ఆట ఎవడు నిలబడి చూస్తాడు, ఇదేమన్నా సినిమా హాలా అని కొందరు ఎగిరిపడ్డారు. అభిమాన సంఘం అధ్యక్షుడు మాత్రం కొత్త పెళ్లికొడుకులా బల్ల చుట్టూ తిరుగుతున్నాడు. ఆయన పోరగా పోరగా ఇన్నాళ్లకు ప్లాను కదిలింది మరి.

కోడలు పైకప్పూ చూడలేదు, కుర్చీలూ చూడలేదు. తమ తూర్పు గ్యాలరీ వెనకవైపు చూసింది. అక్కడ నిటారుగా దిగే మెట్లున్నాయి.

తూర్పు గ్యాలరీ వాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. వాళ్లు మైదానానికి వీపు చూపరు. గెలిచినా ఓడినా, ఆట అవగానే క్లబ్బు పాట ఎత్తుకుని, మొహాలు మైదానం వైపే ఉంచి, వెనక్కి వెనక్కి నడుస్తూ గేటు దాటుతారు. అందరిలోకీ వయసులో పెద్దవాళ్లు మొదట కదలాలి, మిగిలినవాళ్లు వాళ్ల వెంట జరగాలి. ఇప్పుడా పెద్దరికం అత్తగారిది. పాత గ్రౌండులో గ్యాలరీ నుంచి గేటు దాకా లారీ పట్టేంత వాలు దారి ఉంది కాబట్టి కళ్లు మూసుకుని నడిచినా ఫరవాలేదు. ఈ బొమ్మలో ఆ దారి లేదు. వేలమంది వెనక్కి నడుస్తూ మెట్ల మీదికి వస్తారు. అందరికన్నా కింద, వాళ్లెవరికీ కనపడకుండా, మోకాళ్ల నొప్పుల ముసలావిడ ఉంటుంది.

మొగుణ్ని పక్కకు లాగి ఆ మాట చెప్పింది. "ఇప్పుడు మెట్లంటే కూడా భయమేనా నీకు?" అని అతను పక్కనున్న తమ వీధి టైలరుకు కన్నుగీటాడు. అత్తతో చెబుదామంటే ఆవిడ నమూనా ముందు కుర్చీ వేసుకుని, ఇక్కడ నిలబడేవాళ్లం, అక్కడ గోలు పడింది అని పాత కథలు విప్పుతోంది; బొమ్మలో మెట్లు చూపించబోతే, ఉండవే అని కసిరింది. ఇక మిగిలింది నమూనా తెచ్చిన క్లబ్బు ఇంజనీరమ్మ. ప్రశ్నలుంటే అడగండని ఆవిడ మైకు తిప్పుతోంది. కోడలు ధైర్యమంతా కూడగట్టుకుని లేచింది. మైకు చేతికి వచ్చింది. హాలు హాలంతా తనవైపే చూస్తోంది.

"ఆడవాళ్లకి బాత్రూములు ఎన్ని పెడుతున్నారండీ?" అని అడిగి కూర్చుంది.

చప్పట్లు మోగిపోయాయి. ఇన్నేళ్లలో పనికొచ్చే ప్రశ్న ఇదొక్కటేనని ఎవరో మెచ్చుకున్నారు కూడా. కోడలికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. జనం లేచేలోగా బయటపడదామని తలుపు దగ్గరికి నడిచింది.

అప్పుడే అధ్యక్షుడికి ఆ పాడు బుద్ధి పుట్టింది. క్లబ్బువాళ్లకు మన పద్ధతిలో వీడ్కోలు చెబుదాం, ఈ నమూనానే మైదానం అనుకోండి అన్నాడు. అనడమే ఆలస్యం, మొగుడు గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నాడు. మూడొందల గొంతులు అందుకున్నాయి. అత్తగారు లేచి, పెద్దరికంగా తలాడించి, మొహం బొమ్మ వైపు పెట్టి వెనక్కి కదిలింది. దారి ఇచ్చినవాళ్లంతా ఆవిడ వెంట వెనక్కి జరిగారు. వచ్చేటప్పుడు అందరూ ఎక్కి వచ్చినవే అయినా, తలుపు అవతల మెట్లున్న సంగతి ఒక్కడికీ గుర్తులేదు. ఏళ్ల తరబడి వాలు దారిలో నడిచిన కాళ్లకు మెట్లు ఎందుకు గుర్తుంటాయి?

కోడలు అప్పటికే నాలుగు మెట్లు దిగింది. తల తిప్పి చూసేసరికి అత్తగారి మడమ గాలిలో మెట్టు కోసం వెతుకుతోంది. ఒక్క ఉదుటున పైకెక్కి ఆవిడ నడుము పట్టుకుంది.

"అత్తయ్యా, ఇటు తిరగండి. మెట్లు."

"వదులు. ఇన్నేళ్లు వచ్చి ఇవాళ వీపు చూపిస్తానా?"

ఆవిడ ఒక మెట్టు దిగింది. ఇంకొకటి దిగింది. పైన గుమ్మంలోంచి వీపులు వస్తున్నాయి. అన్నీ వీపులే. ఆగండి, ఆగండి అని కోడలు గొంతు చించుకుంది. ఆ పాటలో తన అరుపు తనకే వినిపించలేదు. మొట్టమొదట టైలరు మడమ జారింది. అతను కూర్చున్నట్టుగా పడ్డాడు, అతని మీద ఇంకొకడు, వాళ్ల బరువంతా అత్తగారి మీద. రెయిలింగు కోడలి పక్కటెముకల్లోకి దిగింది. ఊపిరి లోపలికి పోవడం లేదు. ఇదే, ఇక్కడే పోతాం అనుకుంది. ఇన్నాళ్లు భయపడినవన్నీ ఉత్తవే, భయమంటే ఇది. దీంట్లో ఏడవడానికి కూడా చోటు లేదు.

అత్తగారు మెల్లగా ఇటు తిరిగింది. కోడలి భుజంలో మొహం దాచుకుంది. "భయమేస్తోందే పిల్లా" అంది, చెవిలో, ఎవరికీ వినపడకుండా.

కోడలు ఆవిణ్ని పొదివి పట్టుకుని, ఒక చేత్తో రెయిలింగు పాకుతూ, మెట్ల మలుపు దాకా లాక్కొచ్చి గోడకు ఆనించింది. పైన మెట్ల మీద ఒక్కొక్క గొంతే ఆగిపోయి అరుపులు మొదలయ్యాయి. బొమ్మకు దగ్గరగా నిలబడ్డ మొగుడు మాత్రం ఇంకా పాడుతూనే ఉన్నాడు.

ఎవరూ చచ్చిపోలేదు. టైలరు మణికట్టు విరిగింది. ఒకాయనకు తల చిట్లింది. మెట్ల నిండా చెప్పులు, విరిగిన కళ్లద్దాలు. కింద వీధిలో జనం దుమ్ము దులుపుకుంటూ, నవ్వాలో వద్దో తెలియని నవ్వులు నవ్వుకుంటున్నారు. అధ్యక్షుడు మొగుణ్ని, మరి నలుగురిని పిలిచి గుసగుసలాడాడు. ఇవి హాలు మెట్లు, మన స్టేడియానికి సంబంధం లేదు, ఇది బయటికి పొక్కితే ప్లాను మళ్లీ మూలపడుతుందని సర్దిచెప్పాడు. అందరూ తలలూపారు.

ఇంజనీరమ్మ హడావిడిగా దిగి వచ్చి ఏం జరిగిందని అడిగింది.

"ఏం లేదు మేడమ్" అన్నాడు మొగుడు. "మా ఆవిడ కాస్త కంగారు మనిషి. వెనకాల అరిచేసరికి జనం బెదిరిపోయారు."

కోడలు గోడకు ఆనుకుంది. పక్కటెముకలు పోటు పెడుతున్నాయి. తను అరవకపోతే ఎవరూ పడేవాళ్లు కాదేమోనని, ఆ మాట వినగానే, నిజంగానే ఒక్క క్షణం భయపడింది కూడా.

అరుగు మీద కూర్చున్న అత్తగారు తలెత్తింది. "భయపడింది అది కాదురా, నేను" అంది. "వీపు చూపించింది కూడా నేనే. చూపించాను కాబట్టి ఇక్కడ కూర్చున్నాను."

ఆవిడ నోట ఆ మాట వినాల్సి వస్తుందని తూర్పు గ్యాలరీలో ఎవరూ అనుకోలేదు. అధ్యక్షుడు తన చొక్కా గుండీలు చూసుకున్నాడు.

అత్తగారు కోడలి చేయి అందుకుని లేచింది. పైకి పద, ఆ బొమ్మలో ఏం చూశావో ఈ ఇంజనీరమ్మాయికి చూపించు అంది. మళ్లీ ఆ మెట్లా అని కోడలి పై ప్రాణాలు పైనే పోయాయి.

"మీరు ఇక్కడే కూర్చోండి అత్తయ్యా. నేను వెళ్లి చెప్పి వస్తాను."

"ఒక్కదాన్నే ఉండలేనే" అంది అత్తగారు.

ఇద్దరూ చెప్పులు తప్పించుకుంటూ, రెయిలింగు వదలకుండా ఎక్కసాగారు. ఇంజనీరమ్మ వాళ్ల వెనకే వచ్చింది.