ఎవరి కుడి లెక్క

ఎనభయ్యేడులో అమలాపురంలో ఒక కాలేజీకి కంప్యూటరొచ్చింది. దానికో ఏసీ గది, గదికో తాళం, లోపలికెళ్లాలంటే చెప్పులు విప్పాలి. కొత్త పెళ్లికూతురిక్కూడా అంత మర్యాద జరగదనుకోండి! అలాంటి గదిలో జువాలజీ లెక్చరరు జ్ఞానమ్మ తాబేళ్ల లెక్కలు పెడుతుందని తెలిసి కామర్సు వాళ్లు పగలబడి నవ్వేరు.

నవ్వితే నవ్వనీ, అనుకుంది జ్ఞానమ్మ. ఉప్పలగుప్తం దగ్గర రెండు లాకుల మధ్య కాలువలో దొరికిన ప్రతి నల్ల తాబేలుకీ డిప్ప అంచున ఆకురాయితో గాట్లు పెట్టి వదిలేస్తారు. తల దగ్గర్నుంచి లెక్కపెడితే కుడి అంచున ఎన్నో పెంకు మీద గాటుంటే అన్ని పదులు, ఎడమ అంచుది ఒకట్లు. అదే దాని నంబరు. మళ్లీ దొరికిన రోజుకి ఒకటి, దొరకని రోజుకి సున్నా. ఆ ఒకట్లూ సున్నాలూ ఇస్తే కాలువలో మొత్తం ఎన్ని తాబేళ్లున్నాయో అంచనా కట్టే ప్రోగ్రాం జ్ఞానమ్మ తనే బేసిక్‌లో రాసింది.

పట్టేది ఆమె తండ్రి ఇశ్రాయేలు. పరాయి చేలల్లో వరినాట్లు ఊడ్చి ఊడ్చి కాయలు కాసిన చేతులాయనవి. కూతురు లెక్చరరైన రోజు నుంచీ ఆమెని "మీరు" అంటారు. నాకు సిగ్గేస్తోంది నాన్నా, అని ఎంత మొత్తుకున్నా మానరు.

ప్రిన్సిపాలు సూర్యప్రకాశరావు గారు జ్ఞానమ్మని పిలిచి ఒక్కటే మాట చెప్పేరు. "వేసవిలో కాలువకి నీళ్లు కట్టేసేక తాబేళ్లన్నీ లాకుల మధ్య మిగిలిన మడుగులోకే చేరతాయి కదండీ. తోడించి లెక్కపెడదాం. మీ అంకె దరిదాపుల్లో ఉంటే ఆ గది తాళం మీదే. లేదంటే కామర్సుకిచ్చేస్తాను."

"ఆయ్, అలాగేనండి," అంది జ్ఞానమ్మ.

ప్రోగ్రాం నడిపింది. రెండొందల ఆరు! ఆ కాస్త కాలువలో అన్నెలా పడతాయి? సగానికి సగం తాబేళ్లు ఒక్కసారి కనబడి మళ్లీ పత్తా లేవు, పెళ్లి భోజనం చేసి చెప్పకుండా చెక్కేసిన చుట్టాల్లాగ. ప్రోగ్రాం తిరగేసి బోర్లేసి చూసింది. దాంట్లో తప్పేం లేదు.

మామూలు రోజుల్లో ఇశ్రాయేలే పట్టి, ఆయనే రాసుకునేవారు. ఆదివారం చర్చి. శనివారం మాత్రం జ్ఞానమ్మ గట్టు మీద కూర్చుని రాసుకుంటుంటే, ఆయన నీళ్లలో నిలబడి చెప్పేవారు. ఆ శనివారం ఆమె రాయడం ఆపి తలెత్తి చూసింది. ఆయన చేతుల్లో తాబేలు తల ఆమె వైపుంది, తోక ఆయన వైపుంది. ఒకటో పెంకు మీది గాటు ఆయన కుడిచేతి కిందే కనబడుతోంది. ఆయనేమో "ఎడమ ఒకటి, కుడి ఏడు" అంటున్నారు.

"నాన్నా, ఆ ఒకటి కుడి కదా?"

"నాకు కుడమ్మా. మీరు ఎదురుగా కూర్చుని రాస్తుంటే నా కుడితో ఏం పనండీ? మీ కుడే కుడి!"

జ్ఞానమ్మకి కోపమూ నవ్వూ ఏడుపూ కలిసొచ్చేయి. పదిహేడో నంబరు తాబేలు శనివారమొస్తే డెబ్బై ఒకటైపోతోంది! "నీ మర్యాద మండిపోనూ, నాన్నా!" అని కేకేసి, కళ్లు తుడుచుకుంది.

సోమవారం ఏసీ గదిలో కూర్చుని, శనివారం వరుసలకి మాత్రం ఎడమా కుడీ తారుమారు చేసే నాలుగు లైన్లు ప్రోగ్రాంలో కలిపింది. ఈసారి తొంభై ఏడొచ్చింది. ఆ అంకె కాగితం మీద రాసి ప్రిన్సిపాలు గారికిచ్చేసింది.

కాలువ కట్టేసేరు. మడుగు తోడేరు. గట్టంతా జనం, కామర్సు వాళ్లు ముందు వరసలో! సూర్యప్రకాశరావు గారు పంచె ఎగ్గట్టి తనే లెక్కపెట్టించేరు. మొత్తం తొంభై నాలుగు.

అబ్బ, ఏం గర్వమండీ అది! మా నాన్న పట్టేడు, నేను లెక్కగట్టేను, అని ఉప్పలగుప్తం అంతా వినబడేలా అరవాలనిపించింది జ్ఞానమ్మకి.

సూర్యప్రకాశరావు గారు మాట మీద నిలబడే మనిషి. అక్కడికక్కడే జేబులోంచి తాళంచెవి తీసి ఆమెకివ్వబోయేరు.

"మా నాన్న చేతికివ్వండి సార్," అంది జ్ఞానమ్మ.

ఇశ్రాయేలు కంగారుపడి బురద చేతులు పంచెకి తుడుచుకున్నారు. ఏ చెయ్యి చాపాలో తెలియనట్టు కూతురికేసి చూసేరు.

"నీ కుడి, నాన్నా," అంది. "ఇవాళ నీ కుడే లెక్క."

ఆయన చెయ్యి చాపేరు.